సువేచ గారి వేలికి కట్టు

చిరంజీవి విరస్తికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ నాన్న, నానమ్మ, తమ్ముడు గెదే, అందరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసుల సంగతి తర్వాత రాస్తాను. లొంబోక్ దీవిలో నువ్వూ కులాసాగా ఉన్నావనీ, ఆ హోటల్ వాళ్ళు ట్రైనింగ్ పేరు చెప్పి నీ చేత మరీ గొడ్డు చాకిరీ చేయించడం లేదనీ తలుస్తాను.

లారీ తోలే మామయ్య చేత నువ్వు పంపిన ఉత్తరం, ఎండు చేపల పొట్లం రెండూ అందాయి. ఓడలో పక్కపక్కనే పెట్టాడేమో, ఉత్తరానికీ చేపల వాసన పట్టింది. నానమ్మ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "పిల్ల బాగానే తింటోందిలే" అని తేల్చేసింది. చదవకుండానే అర్థమైపోయిందట.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. నల్లకుక్క ఈనింది. తెల్లకాళ్ళ పిల్లని గెదే ఎవరికీ ఇవ్వనని మంచం కింద దాచాడు. మీ నాన్న నడుం నొప్పి తగ్గింది అనాలో లేదు అనాలో తెలియడం లేదు. వాడ వాళ్ళు పనికి పిలిస్తే వంగుతుంది, నేను బిందె ఎత్తమంటే వంగదు. మన ఇంటి గుడి ఉత్సవం బాగా జరిగింది. నువ్వు లేని లోటు తప్ప ఏ లోటూ లేదు. సెలవు అడిగితే మీ సూపర్‌వైజరు "ట్రైనీలకి దేవుళ్ళుండరమ్మా" అన్నాడని రాశావే, అది చదివి నానమ్మ వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే కాగితం కాలిపోతుంది.

ఇక చివర్న, రెండుసార్లు గీత గీసి మరీ అడిగావు. "అమ్మా, ఆ సభలో నువ్వు ఏమేం మాట్లాడావో పూసగుచ్చినట్టు రాయి. నా గదిలో పిల్లలందరికీ చదివి వినిపిస్తాను" అని.

ఈ ఉత్తరం వాళ్ళకి చదవకు తల్లీ. ముందు నువ్వు ఒక్కదానివే చదువుకో. నువ్వు ఫోన్‌లో అడిగితే "బాగా మాట్లాడాను" అన్నాను. మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ అదే అబద్ధం చెబుతాను. నీ గొంతు వింటే నాకు ధైర్యం చాలదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

హోటళ్ళలో పనిచేసేవాళ్ళకి కనీస జీతం పెంచాలా వద్దా అని జిల్లా కేంద్రంలో సభ పెట్టారు కదా. అధికారులు, యజమానులు, పనివాళ్ళు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి. పెంచితే చిన్న హోటళ్ళు మూతపడతాయని యజమానులు. పెంచకపోతే మా పొయ్యిలే మూతపడతాయని మనవాళ్ళు. మన హోటల్ తరఫున ఎవరిని పంపాలా అని బట్టలుతికే షెడ్డులో కూర్చున్నాం. భోజనశాలలో వడ్డించే దర్మాది, నీకు తెలుసుగా, అతనే ఇదంతా నడిపిస్తున్నాడు. "రస్మిని వదిన వెళ్ళాలి. గుడిలో వెయ్యి మంది ముందు పాడుతుంది, గొంతు వణకదు" అని నన్ను చూపించాడు. నా పక్కన ఇస్త్రీ చేసే వర్ని వెంటనే, "పాడొద్దని చెప్పి పంపండి. అధికారులు నిద్రపోతే జీతాలు పెంచేదెవరు?" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం లోపల పొంగిపోయింది.

వర్ని చేతులు నువ్వు ఈమధ్య చూడలేదు. పగలంతా మా దగ్గర పనిచేసి, సాయంత్రం ఇంకో విల్లాలో బట్టలు ఉతుకుతుంది. సబ్బునీళ్ళకి అరచేతుల తోలు ఊడి వస్తోంది. జీతం పెరిగితే ఆ రెండో పని మానేస్తానని, మా అర్జీ మీద అందరికంటే ముందు తనే సంతకం పెట్టింది. నేను చెప్పవలసింది ఆ చేతుల గురించే. టూరిస్టులు వచ్చే నెలల్లో బిల్లుల మీద వేసే సర్వీసు డబ్బు పంచుతారు, సరే, వానల్లో అది సున్నా అయిపోతుంది, అప్పుడు ఉత్త జీతంతో ఇల్లు గడవదు అని చెప్పాలి. ఎంతో అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. నీ కోసం కూడా చెప్పాలనుకున్నాను. ట్రైనింగ్ అయ్యాక నువ్వు ఇక్కడే చేరాలనుకుంటున్నావు గనక.

సభ, మన ఇంటి ఉత్సవం వెంటవెంటనే పడ్డాయి. అక్కడే వచ్చింది తంటా.

సువేచ గారు హోటల్లో మనకి యజమాని, సారు; వాడలో అన్న. ఆ సంగతి నీకు చెప్పేదేముంది. ఉత్సవం రోజు తెల్లారకముందే మగవాళ్ళంతా మన పెరట్లో మాంసం కొట్టడానికి కూర్చుంటే, ఆయనా పంచె బిగించి, కత్తి పట్టుకుని మీ నాన్న పక్కన చతికిలపడ్డారు. ఆయన భార్య సుతర్మి అక్క బియ్యం, కాఫీపొడి, పంచదార పెట్టిన తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుని నైవేద్యాల దొన్నెలకి కొబ్బరాకు కోయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా లేవలేదు. మర్నాడే సభ. దాని గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. "నీ కూతురు సన్నబడిందట కదా, నూనె కాచి పంపిస్తాను" అంది. నానమ్మకి కాళ్ళు పట్టింది. మధ్యలో పెరట్లోంచి కేక వినబడింది. సువేచ గారు వేలు కోసుకున్నారు. మీ నాన్న పసుపు అద్ది గుడ్డపీలిక కట్టాడు. "పోనీలే అన్నా, ఇంటికెళ్ళి పడుకో" అంటే, "వేలు తెగితే కూర ఆగుతుందా?" అని మళ్ళీ కత్తి పట్టుకున్నారు.

వాళ్ళు మంచి చేస్తున్నకొద్దీ నా మెడకి ఉరి బిగుసుకున్నట్టే ఉంది. రేపు ఈయన ఎదురుగా నిలబడి నేనేం చెప్పబోతున్నానో తెలిసే, నా నోరు కట్టడానికే వచ్చారని అనుకున్నాను. తప్పు అలా అనుకోవడంలోనే ఉంది.

మర్నాడు సభలో ఏసీ చలికి దర్మాది పళ్ళు టకటకమంటున్నాయి. యజమానుల వరసలో మా ఎదురుగానే సువేచ గారు కూర్చున్నారు. తలగుడ్డ చుట్టుకుని, చేతులు బల్ల మీద పెట్టుకున్నారు. వేలికి మీ నాన్న కట్టిన ఆ గుడ్డపీలికే ఉంది, పసుపు మరకతో సహా.

అధికారి నా పేరు చదివి, మర్యాదగానే అడిగాడు. "చెప్పండమ్మా, ఇప్పుడు వచ్చే జీతం మీకు సరిపోతోందా?"

నేను లేచాను. అనుకున్నదంతా నోటి చివరే ఉంది. కానీ ఆ వేలు తప్ప నాకింకేం కనబడలేదు. మన ఇంటి కూర కోసం తెగిన వేలు. ఆ మనిషిని పదిమందిలో ఎలా కడిగేయను?

"సరిపోతోందండీ. మా సారు మమ్మల్ని ఇంటి మనుషుల్లాగే చూసుకుంటారు. పండగలకి సెలవు కూడా జీతం కోత పెట్టకుండా ఇస్తారు" అన్నాను.

అంతే తల్లీ. వెయ్యి మంది ముందు వణకని గొంతు అప్పుడూ వణకలేదు. స్పష్టంగా, హాలంతా వినబడేలా చెప్పాను. యజమానుల తరఫు లాయరు ఎగిరి లేచాడు. "చూశారా, పనివాళ్ళే చెబుతున్నారు! చిన్న హోటళ్ళకి ఈ పెంపు ఎందుకు?" అన్నాడు. అధికారి రాసుకున్నాడు. ఆ రోజు తాత్కాలికంగా ఇచ్చిన నిర్ణయంలో పెద్ద హోటళ్ళకి పెంచారు, మనలాంటి చిన్నవాటిని వదిలేశారు. నేనొక్కదాన్నే కారణం కాదని మీ నాన్న అంటాడు. కావచ్చు. కానీ ఆ లాయరు పట్టుకున్నది నా మాటే. నా కూతురు రేపు చేరబోయే జీతానికి నేనే నా చేత్తో అడ్డుగోడ కట్టాను.

బస్సులో దర్మాది నా పక్కన కాక వెనక సీట్లో కూర్చున్నాడు. వర్ని అయితే తిట్టను కూడా లేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు ఇస్త్రీబల్ల దగ్గర దుప్పటి మడత పెడుతూ, "నువ్వన్నది నిజమేలే. మనం ఇంటి మనుషులమే. ఇంటి మనుషులకి జీతం ఎవడిస్తాడు?" అని నవ్వింది. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. సాయంత్రం తను విల్లా పనికి సైకిలెక్కి వెళుతుంటే, నేను షెడ్డు వెనక్కి వెళ్ళి నిలబడతాను. నాకు ఆమె వీపు చూడాలన్నా సిగ్గుగా ఉంది.

ఇంతటితో అయిపోతే, పోనీ మంచివాళ్ళ మొహం చూసి మొహమాటపడ్డాను అని సరిపెట్టుకునేదాన్ని. సుతర్మి అక్క తట్ట మన దగ్గర ఉండిపోయింది కదా. ఖాళీ తట్ట తిరిగివ్వకూడదని, బియ్యప్పిండి పిండివంటలు నింపి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, పకపకా నవ్వింది.

"ఏమే రస్మినీ, మమ్మల్ని ఆశ్చర్యపరిచావు! ఉత్సవానికి ముందు రోజే మీ అన్న అన్నారు, 'ఎల్లుండి ఆ బట్టలుతికే మనిషి నన్ను బండకేసి ఉతుకుతుంది చూడు' అని. చెవులకి దూది పెట్టుకుని వెళ్ళమన్నాను నేను."

నేను కప్పు కింద పెట్టేశాను. "నేను మీకు ఎదురు చెబుతానని తెలిసీ మా ఇంటికి వచ్చారా అక్కా?"

"రాకపోతే ఎట్లా? మీ ఇంట్లో పనుంటే మేం రావాలి, మా ఇంట్లో పనుంటే మీరు రావాలి. తాతల నాటి కట్టుబాటు. నువ్వు సభలో ఏం చెప్పినా వచ్చేవాళ్ళమే. దానికీ దీనికీ ఏం సంబంధమే పిచ్చిదానా?" అంది. తర్వాత మామూలుగానే, "ఏదైతేనేం, నీ మాట మాకు కలిసొచ్చింది. జీతాలు పెంచక్కర్లేక మిగిలే డబ్బుతో స్విమ్మింగ్ పూల్‌కి కొత్త టైల్స్ వేయిద్దామంటున్నారు మీ అన్న" అంది.

విన్నావా తల్లీ? వాళ్ళు నన్ను కొనడానికి రాలేదు. ఎవరూ అడగనిదాన్ని నేనే అమ్మేశాను. అదీ నాది కాదు, వర్నిది, దర్మాదిది, నీది. వాడ వాళ్ళు చేసేది మనకి రావలసిన మర్యాద. దాన్ని నేను దయ అనుకున్నాను. దయ అనుకున్నాను గనకే బదులు తీర్చాలనుకున్నాను.

ఆ తాత్కాలిక నిర్ణయం మీద అభ్యంతరాలు వినడానికి ఇంకో సభ ఉంది. వాళ్ళింటి నుంచి తిన్నగా దర్మాది దగ్గరికి వెళ్ళి, నన్నే పంపమని అడిగాను. "మళ్ళీ మా నోట్లో మట్టి కొట్టవు కదా వదినా?" అన్నాడు. వర్ని వెనక నుంచి, "దాన్నే పంపు. ఒకసారి మాట జారినవాళ్ళు రెండోసారి నాలుక కరుచుకునైనా నిజం చెబుతారు" అంది. అలా నాకు ఇంకో అవకాశం దొరికింది, నా మీద వాళ్ళకి నమ్మకం ఉండి కాదు, వాళ్ళ మంచితనం వల్ల.

ఈసారి ఆ మాట వెనక్కి తీసుకుంటాను. సరిపోవడం లేదని చెబుతాను. పండగ సెలవు దయ కాదని చెబుతాను. వర్ని ఒప్పుకుంటే ఆమె చేతులు చూపిస్తాను. తర్వాత సువేచ గారింట్లో ఏ పని జరిగినా అందరికంటే ముందు నేనే వెళ్ళి కొబ్బరాకు కోస్తాను. అది మాత్రం మానను. ఆయన మొహం చూసి మళ్ళీ గొంతు మారుతుందేమోనని భయం మటుకు ఉంది. నీ దగ్గర దాచడం ఎందుకు.

ఆ సభ నీ ట్రైనింగ్ ముగిసి నువ్వు ఓడ దిగే రోజే. సంచీ దించడానికి ఇంటికి వెళ్ళకు, నేరుగా హాలుకి రా. యజమానుల కుర్చీల వెనక, గోడవారగా, చూడ్డానికి వచ్చినవాళ్ళ బెంచీ ఒకటి ఉంది. నేను నిలబడే చోటికి అది సరిగ్గా ఎదురు. అక్కడ కూర్చో. నేను నిన్ను చూస్తూ చెబుతాను. నా మీద కోపంతో నువ్వు రాకపోతే తప్పు పట్టను. అప్పుడు ఆ ఖాళీ బెంచీనే చూస్తూ చెబుతాను.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన
మీ అమ్మ