నాలుగో ముద్ద

నెల్లూరు,
జూన్ 17

ప్రియమైన శేషమ్మకు,

ఫోనులో నీకు సగం వినబడదు, మిగతా సగానికి ఊ కొడతావు. అందుకే ఎప్పటిలా కాగితం తీసుకున్నాను. మీ అబ్బాయి చంద్రమౌళి రొయ్యల మేత కోసం ఈ రోజు మళ్ళీ నెల్లూరు వచ్చాడట, వాడి చేతికే ఇస్తున్నాను. దారిలో విప్పి చదివినా నాకేం అభ్యంతరం లేదు, వాడికీ తెలియాల్సిందే.

నిన్న వాడూ నీ కోడలు బిందూ నీ మనవరాలు వెన్నెలను మా పిల్లల ఆసుపత్రికి తీసుకొచ్చారు. బారసాల తర్వాత మళ్ళీ చూడటం ఇదే. పెదవుల్లో రంగు లేదు. రెండేళ్ళు దాటిన పిల్ల తండ్రి భుజం దిగి నాలుగడుగులు వెయ్యలేదు. డాక్టరుగారు రాసిన పరీక్షకు చెంచాలో సగం రక్తం చాలు. ముప్పై ఏళ్ళుగా పిల్లల చేతుల్లోంచి నేను తీస్తున్నది అదే.

మొదట మా టెక్నీషియను ఆనందబాబు కూర్చున్నాడు. వాడి ముందు పిల్ల బుద్ధిగా చెయ్యి చాపింది కూడా. నేను గదిలోకి రాగానే బిందు నవ్వుతూ, ఇదుగో ఎలీసవ్వ వచ్చిందని చెప్పింది. అంతే, పిల్ల వంకర్లు తిరిగిపోయింది. నోరు బారెడు తెరిచి నాకు చూపిస్తూ ఏడుపు. గొంతు చూస్తామనుకుందేమో. నలుగురం కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకుని తీశాం. అలా తియ్యడం నాకు ఎన్నడూ ఇష్టం లేదు, అయినా నిన్న ఒప్పుకున్నాను. ఇంతా చేసి, ఆ పెనుగులాటలో తీసింది గడ్డకట్టి పరీక్షకు పనికిరాకుండా పోయింది.

దారిలో పిల్లకు బొమ్మల అంగడికి పోతున్నామని చెప్పారట. అలా చెప్పవద్దని బిందుకు చెప్పాను, నువ్వూ చెప్పు. ఈ శనివారం మళ్ళీ పంపించు. ఆలస్యం చెయ్యొద్దు.

నీ
ఎలిశబెతు


కోట,
జూన్ 18

ప్రియమైన ఎలీసుకు,

నీ ఉత్తరం అందింది. పిల్లను నలుగురు అదిమి పట్టుకున్నారని చదివి నాకు వొళ్ళు మండిపోయింది. అందులో నువ్వూ ఒకదానివి. చంద్రమౌళి ఇంటికి రాగానే రొయ్యల గుంటల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఇంక సూదీ వద్దు, పరీక్షా వద్దంటున్నాడు. నేనూ వాడి మాటే అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

తప్పంతా మా కోడలిది. పిల్లకు అబద్ధం చెప్పి తీసుకుపోయేదేమిటి? పొద్దున గ్రామ సచివాలయంలో ఉద్యోగానికి పోతే మళ్ళీ సాయంత్రానికి గానీ రాదు, పిల్ల గుణం దానికేం తెలుసు? తినిపించేదీ నిద్రపుచ్చేదీ నేనే.

రక్తం లేదంటున్నావు కదా, తింటే అదే పడుతుంది. నిరుడు ముద్ద నోట్లో పెడితే ఊసేసేది. మొక్కై వంగనిది మానై వంగునా అని పట్టుబట్టాను. ఇప్పుడు పూటకో గిన్నె, పేచీ లేకుండా మింగుతుంది. తిన్నాక నోరు తెరిచి చూపిస్తుంది కూడా. ఎలా దారికి తెచ్చానని అడగకు. అందులో నీ చలవ కూడా ఉందిలే.

శనివారం ఎవరూ రారు. కోపగించుకోకు.

నీ
శేషమ్మ


నెల్లూరు,
జూన్ 19

శేషమ్మా,

నా మీద కోపం ఎంతైనా పెట్టుకో. కానీ ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

కళ్ళూ గోళ్ళూ పాలిపోయిన తీరు చూస్తే, ఉండాల్సిన దానిలో సగం రక్తం కూడా లేదు పిల్ల ఒంట్లో. అది తిండి తక్కువై వచ్చింది కాదేమోనని డాక్టరుగారి అనుమానం. పుట్టుకతోనే రక్తం నిలవని జబ్బు కొందరు పిల్లలకు ఉంటుంది. అదేనా కాదా అని తేల్చేది ఈ పరీక్ష ఒక్కటే. ఇంకా తగ్గితే ఎవరి రక్తమైనా ఎక్కించక తప్పదు. ఒకసారి ఎక్కించాక పరీక్ష చేస్తే బయటివాళ్ళ రక్తం కలిసిపోయి మూడు నెలలదాకా ఏమీ తేలదు. ఆ మూడు నెలలూ చీకట్లో తడుముకోవాలి. అందుకని ముందే తియ్యాలి.

అదిమి పట్టుకోవడం ఇక ఉండదు, నా మాట నమ్ము. బిందు ఒళ్ళో ఎదురుగా, గుండెకు గుండె ఆనించి కూర్చోబెడతాం. చెయ్యి ఒక్కటే పక్కకు వస్తుంది. గంట ముందు తిమ్మిరెక్కించే క్రీము రాస్తాను. ఆనందబాబు సబ్బు బుడగలు ఊదుతాడు. ముఖ్యమైనది ఇంట్లోనే చెయ్యాలి. ఈ రెండు రోజులూ బొమ్మ చేతికి సూది వేసినట్టు దూది కట్టి ఆడించండి. సూది లేదని చెప్పొద్దు, నొప్పి ఉండదనీ చెప్పొద్దు. చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది అని చెప్పండి. నా దగ్గర ఒకటే చట్టం, ఏడవొచ్చు, కదలకూడదు.

బడిలో టీకాలవాళ్ళు వచ్చిన రోజు నువ్వు గోడ దూకి పారిపోయావు. నీ బదులు రెండోసారి చెయ్యి చాపి నేను సూది వేయించుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు అడుగుతున్నాను. శనివారం పిల్లను పంపు.

ఎదురుచూసే
ఎలిశబెతు


నెల్లూరు,
జూన్ 21

శేషమ్మకు,

నువ్వు పంపించావు, బాకీ తీర్చుకున్నావు. ఈ రోజు జరిగింది నీకు బిందు చెప్పే ఉంటుంది. నా వైపునుంచి కూడా విను.

అన్నీ చెప్పినట్టే చేసింది బిందు. దారిలో నిజమే చెప్పింది. క్రీము రాశాం. పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని బుడగలను వేలితో పొడుస్తూ నవ్వింది కూడా. నేను చేతులు కడుక్కుని, వెనకనుంచి నెమ్మదిగా వచ్చి కూర్చున్నాను. తల తిప్పి నన్ను చూసింది. ఆ క్షణంలో నవ్వు ఆగిపోయింది. నోరు అంత పొడవునా తెరిచి, నాలుక పైకెత్తి, నాలుక కిందా బుగ్గల పక్కా వేలితో లాగి చూపించింది.

"తిన్నా ఎలీసవ్వా. అంతా తిన్నా. లేదు, సూడు."

ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఏడవలేదు శేషమ్మా, బతిమాలుకుంది. నేను సూది పళ్ళెంలో పెట్టేసి బయటికి వచ్చేశాను. ముప్పై ఏళ్ళలో అలా లేచి వచ్చింది ఇదే మొదటిసారి. బిందు ముఖం చూశాను, దానికి ఏమీ తెలియదు.

నీ చలవ కూడా ఉందిలే అని రాశావే, అదేమిటో నాకిప్పుడు చెప్పు.

వెన్నెల ఇంకా పాలిపోయింది. మంగళవారం మించి ఆగలేమని డాక్టరుగారు తేల్చేశారు. ఆ రోజు ముందుగా పరీక్షకు తియ్యాలి, వెంటనే ఎక్కించాలి. ఇంకొకరి చేత తీయించమంటే తీయిస్తాను. కానీ ఎవరు కూర్చున్నా ఆ పిల్ల కంటికి ఎలీసవ్వే అవుతుంది.

ఎలిశబెతు


కోట,
జూన్ 22

ఎలీసూ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

మన ఇద్దరి ఫోటో మా వంటింటి గోడకు ఉంది కదా, నీకు ఉద్యోగం వచ్చిన కొత్తలో తెల్లకోటుతో తీయించుకున్నది. నిరుడు ఎండాకాలంలో ఒకరోజు పిల్ల ముద్ద ముట్టలేదు. పూర్వం మా అవ్వ బూచోడు వస్తాడని మాకు చెప్పి తినిపించేది. నాకు చప్పున ఆ ఫోటో కనిపించింది. "తినకపోతే ఎలీసవ్వ వచ్చి సూది పొడుస్తాది" అన్నాను. గబగబా తినేసింది. ఆ పూటతో పోనిచ్చానా? రోజూ అదే. తిన్నాక ఫోటో ముందు నిలబెట్టి, ఎలీసవ్వకు నోరు చూపించు అనేదాన్ని. చూపించేది. నేను మురిసిపోయేదాన్ని. ఫోటోలో నువ్వు నవ్వుతూ ఉన్నావు ఎలీసూ, ఆ నవ్వునే చూపించి భయపెట్టాను.

తినక రక్తం తగ్గిందనుకున్నాను. నువ్వు రాసింది మూడుసార్లు చదివాక అర్థమైంది. రక్తం లేకనే పిల్లకు తిండి సయించలేదు. తినలేక తినని పిల్లకు నేను ఏడాదిపాటు సూదిని చూపించాను. చెప్పినట్టు తిన్నాను కదా, మళ్ళీ సూదెందుకని ఆ పిల్ల నిన్ను అడిగింది. నేను చెప్పాల్సిన జవాబు అది.

కోడలిని అబద్ధాలకోరు అన్నాను. ఈ పొద్దున వంటింట్లో దాని ముందు అంతా ఒప్పుకున్నాను. బిందు పిల్లను ఎత్తుకుని బయటికి పోయింది, తిట్టినా బాగుండేది. చంద్రమౌళి ఫోటో తీసి బీరువాలో పెట్టేశాడు.

మంగళవారం నేనూ వస్తున్నాను. నా పుట్టుకలో ఒంటికి సూది తగలనివ్వలేదని నీకు తెలుసు, చంద్రమౌళిని కూడా ఇంట్లోనే కన్నాను. ముందు నాకు తియ్యి. పిల్ల చూస్తుండగా తియ్యి. నేను పారిపోతానని అనుకుంటున్నావేమో. ఈసారి పారిపోను.

శేషమ్మ


నెల్లూరు,
జూలై 2

ప్రియమైన శేషమ్మకు,

ఆ మంగళవారం నువ్వు కళ్ళు మూసుకుని కూర్చున్నావు, ఆ తర్వాత తల తిరిగి పక్కగదిలో పడుకున్నావు. నువ్వు చూడనివి కొన్ని చెప్పాలి. దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇది చురుక్కుమంటుంది శేషమ్మా. ఏడువు. కదలకు.

పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరుగారి అనుమానమే నిజమైంది. తలసేమియా అంటారు. వెన్నెలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఎక్కించే ప్రతిసారీ ముందు రక్తం తీసి చూడాలి. ఒక ఏడాదో రెండేళ్ళో కాదు, ముందుముందు వేరే దారేదైనా దొరికితే తప్ప ఎప్పటికీ. తల్లినుంచి కొంతా తండ్రినుంచి కొంతా వచ్చేది ఇది, ఇద్దరికీ తెలియకుండానే. ఎవరి తప్పూ లేదు. నువ్వు తినిపించినందువల్ల రాలేదు, తినిపించకపోయినా వచ్చేదే. వేళకు రక్తం ఎక్కిస్తూ మందులు వాడితే బడికి పోతుంది, ఆడుకుంటుంది. అలా ఆడుకునే పిల్లలు నా దగ్గరికి నెలనెలా వస్తారు. కనుక ఆ సూదిని చూసి పిల్ల జీవితమంతా బెదరకూడదు. మంగళవారం నువ్వు చేసింది అందుకే పెద్ద పని.

కుర్చీలో కూర్చుని నువ్వు పిల్లతో అన్న మాట నాకు గుర్తుంది. "నేను అన్నం తినే వచ్చినా. అయినా సూదే. తిననందుకు కాదమ్మా ఇది, నేనే అబద్ధం చెప్పినా." అప్పుడు నువ్వు కళ్ళు గట్టిగా మూసుకున్నావు. వెన్నెల బిందు ఒళ్ళోంచి జారి నడుచుకుంటూ వచ్చింది. నీ మోకాలి మీద చెయ్యి వేసింది ఎవరనుకున్నావు? బిందు కాదు. "ఏడువవ్వా, కదలమాక" అన్నది నీతో. నీకు వినబడలేదు, ఫోనులోనే కాదు ఎదురుగా కూడా వినబడదు నీకు. కానీ నువ్వు కదలలేదు.

నిన్ను పక్కగదికి తీసుకుపోయాక తనే తల్లి ఒళ్ళోకి ఎక్కింది. నావైపు చెయ్యి చాపడానికి చాలాసేపు పట్టింది. మేమెవరం తొందరపెట్టలేదు. చురుక్కుమంటుందని చెప్పాను. ఏడ్చింది, బాగా ఏడ్చింది. కదలలేదు. నేను ఏడు లెక్కపెట్టేలోపు అయిపోయింది. దూది తనే అదిమి పట్టుకుంది. రక్తం ఎక్కించేటప్పుడు కూడా అంతే, ఏడ్చింది, కదలలేదు.

సాయంత్రం రక్తం ఎక్కడం అయిపోయేసరికి బుగ్గలకు కాస్త రంగు వచ్చింది. మీరు మందుల చీటీ కోసం కిందికి వెళ్ళారు, పిల్లను నా దగ్గర వదిలి. నేను నా టిఫిను డబ్బా తెరిచాను, పెరుగన్నం. వెన్నెల నా ముందుకు వచ్చి నిలబడి నోరు తెరిచింది. మళ్ళీ చూపిస్తోందనుకున్నాను. చూసుకో, లేదు అంటుందనుకున్నాను.

"ఆకలి" అంది.

ముద్ద కలిపి పెట్టాను. తిన్నది. ఇంకోటి పెట్టాను, ఇంకోటి. మూడు తిన్నది. నాలుగో ముద్ద చేతిలో పట్టుకుని ఉండగా తల అడ్డంగా ఊపి, వద్దంది. అని, నా ముఖం వైపే చూస్తూ నిలబడింది, నేనేం చేస్తానోనని.

సరేనమ్మా అన్నాను. ఆ ముద్ద నేను తిన్నాను.

ఫోటో బీరువాలోంచి తీసి మళ్ళీ గోడకు తగిలించు.

నీ
ఎలీసు