ఇల్లు చేరాక పది నిమిషాలు

జూన్ 2, సోమవారం

గడియారాల తాతగారికి నమస్కారాలు.

ఈరోజు మొదటి ఆశ్చర్యం పొద్దున ఆరుంబావుకి జరిగింది. ఎండ కళ్లలో పడుతోందని నాన్న మీ కారులో, అంటే నిన్నటి నుంచి మా కారులో, అద్దం పైనున్న ఎండరేకు కిందికి దించాడు. ఒక అట్టముక్క ఆయన ఒళ్లో పడింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో అయిదు నియమాలు రాసి ఉన్నాయి.

ఎక్కేముందు బానెట్ మీద మూడుసార్లు తట్టాలి. తాళం తిప్పాక నూరు లెక్కపెట్టాలి. దారిలో గడియారాల వైపు చూడకూడదు. రెండో గేరు చాలు. ఇల్లు చేరాక పది నిమిషాలు ఎవరూ దిగకూడదు.

మా నాన్నది మందుల షాపు. కాగితం మీద మూడు పూటలని రాసి ఉంటే ఆయన లోకంలో నాలుగో పూట ఉండదు. "ఊరికే రాస్తారా" అని అయిదు నియమాలూ అప్పటికప్పుడే అమల్లో పెట్టేశాడు. కారులోని చిన్న గడియారం మీద, చూపు పడకుండా, గాయాలకు వేసే ప్లాస్టర్ అంటించాడు. తాతగారూ, ఇవి నిజంగా అవసరమేనా?

కారు మాత్రం నాకు భలే నచ్చింది. పాత పోస్టుకార్డు రంగు. లోపల సన్నగా మీ గడియారాల నూనె వాసన. ‘సెకండ్ హ్యాండ్’ అంటే ఏదో చిన్నచూపులా ఉందని నేను ‘చేయి మారిన కారు’ అంటున్నాను. అమ్మ కిటికీ తెరలు కుడుతుందని చెప్పాను కదా. ఇన్నాళ్లూ మూటలు బస్సులో మోసేది. వెనక సీటు మడిస్తే మూటలన్నీ పట్టాయి. రాడ్లు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి ఊరు చూస్తాయి. వచ్చే వారం బుధవారం పొద్దున కొత్త హాస్టల్లో నలభై కిటికీలకు తెరలు కట్టాలి. అమ్మ తనే నడుపుకుంటూ వెళ్లాలని ఆశ.

కారు నచ్చకపోతే పది రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యమని మీరు అన్నారు. ఆ మాట నాన్న మర్చిపోతే బావుణ్ణు.

ఇట్లు,
ఇంట్లో అందరూ ‘నిఘంటువు’ అని ఏడిపించే అమ్మాయి

తా.క.: నూరు లెక్కపెట్టడం నాన్న మాత్రలు లెక్కపెట్టినట్టే కానిస్తున్నాడు. అయిదు, పది, పదిహేను... ఇలా చెల్లుతుందా?

*

జూన్ 4, బుధవారం

చిరంజీవి నిఘంటువుకు ఆశీస్సులు.

ఫోన్లో నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. అందుకే ఉత్తరం రాయమన్నాను. కళ్లు కూడా దగ్గరి వస్తువుల్ని చూడబోమని మొండికేశాయి కాబట్టి నేను చెబుతుంటే మా ఆవిడ రాస్తోంది.

ఆ నియమాలు ఊరికే రాసినవి కావు. కారు కొన్న కొత్తలో మెకానిక్ చెప్పాడని మా ఆవిడ అట్ట మీద రాసి పెట్టింది. పదకొండేళ్లు పాటించాను. ఒక్కరోజు మొరాయించలేదు. తట్టకపోతే బానెట్ బిగుసుకుపోతుంది. నూరు లెక్కపెడితేనే నూనె అన్ని మూలలకూ అందుతుంది. గడియారం వైపు చూశామా, స్టీరింగ్ పక్కకు లాగుతుంది. ఇది నేను చాలాసార్లు స్వయంగా పరీక్షించాను. ఇక అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. మనుషులు ఒక్కసారిగా దిగితే కింద స్ప్రింగులు అలుగుతాయి. నలభై రెండేళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి, స్ప్రింగు మనసు నాకు తెలుసు. దాన్ని నెమ్మదిగా వదలాలి.

మీ అమ్మగారి తెరల పని శుభంగా జరగాలి.

మీ గడియారాల తాత

తా.క.: అయిదేసి లెక్క చెల్లదు. నూనె మాత్రలు మింగదు. ఒకటి, రెండు, మూడు అనే లెక్కపెట్టాలి.

ఇంకో తా.క.: ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ మా ఆవిడకు పొలమారుతూనే ఉంది. నియమాల దగ్గర మరీ ఎక్కువైంది. మీ నాన్నగారి షాపులో దగ్గుకు మంచి మందు ఉందేమో కనుక్కో.

*

జూన్ 6, శుక్రవారం

తాతగారికి నమస్కారాలతో, కాస్త దిగులుతో రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివాక నాన్న నియమాల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నూరు ఒకటొకటిగా లెక్కపెడుతున్నాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికొస్తున్నాడు. మాది అందరూ పలకరించే వీధి. నిన్న కదలడానికి పావుగంట పట్టింది.

రెండో గేరులో వెళ్తుంటే పొద్దున నడకకు వచ్చే ఒక పెద్దాయన మమ్మల్ని దాటి వెళ్లాడు. కాసేపటికి నడక ముగించుకుని ఎదురు కూడా వచ్చాడు. ‘నత్తనడక’ అనే మాట నేను చాలా వ్యాసాల్లో వాడాను కానీ, దాని అర్థం లోపల కూర్చుని తెలుసుకోవడం ఇదే మొదటిసారి.

ఇక సాయంత్రాలు. ఇంటి ముందు కారు ఆపి, అమ్మా నాన్నా పది నిమిషాలు లోపలే కూర్చుంటున్నారు. మొదటిరోజు పక్కింటి అత్తయ్య కిటికీలోంచి చూసింది. రెండోరోజు గేటు దాకా వచ్చింది. మూడోరోజు అద్దం మీద తట్టి, "ఎంత గొడవైనా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలమ్మా, వీధిలో కాదు" అని అమ్మకు బుద్ధి చెప్పింది. స్ప్రింగులు అలుగుతాయని అమ్మ చెప్పబోయింది. ఆవిడ నమ్మలేదు సరికదా, అలిగింది ఎవరో తనకు తెలుసన్నట్టు నాన్న వైపు చూసింది.

నవ్వొచ్చే సంగతులు అయిపోయాయి. నిన్న భోజనాల దగ్గర నాన్న అమ్మతో అన్నాడు, "ఇన్ని పథ్యాలున్న కారును నీ చేతికి ఎట్లా ఇవ్వను? హాస్టల్ నలభై నిమిషాల దారి. రెండో గేరులో రెండు గంటలు. నువ్వు చేరేసరికి పిల్లలు తెరల్లేని గదుల్లో దిగిపోతారు. తిరిగి ఇచ్చేద్దాం." అమ్మ లేచి డ్రైవింగ్ లైసెన్సు తీసి మళ్లీ సూదుల డబ్బాలో పెట్టేసింది. పన్నెండేళ్లు ఆ డబ్బాలోనే ఉన్న లైసెన్సు అది. అయిదు రోజులు బయట తిరిగింది.

మంగళవారం లోపు నాన్న తేల్చేస్తాడు. నియమాల్లో ఒక్కటైనా సడలించే వీలుందా తాతగారూ?

ఆశ వదలని
నిఘంటువు

తా.క.: బామ్మగారికి దగ్గుమందు పంపుతున్నాం. రోజుకు మూడుసార్లు, రెండేసి చెంచాలు. నాన్న తరఫున చెబుతున్నాను, ఇది కూడా నియమమే.

*

జూన్ 8, ఆదివారం

చిరంజీవి నిఘంటువుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం విని బాధపడ్డాను. సడలించడం అనే మాటే వద్దు. గడియారం చక్రంలో ఒక్క పన్ను అరిగితే పన్నెండు గంటలూ తప్పుతాయి. మీ చేతిలో కారు ఇమడలేదంటే నియమాల్లో ఎక్కడో లోపం జరిగింది. తట్టడం మరీ మెల్లగా తట్టారేమో. పది నిమిషాలు చాలకపోతే పదిహేను చెయ్యండి.

అప్పటికీ కుదరకపోతే తెచ్చి ఇచ్చెయ్యమని నాన్నగారితో చెప్పు. మాట మాటే. నేను నడపలేను కానీ, సాయంత్రాలు అందులో కూర్చోగలను. మాకు ఆ అలవాటు ఉంది.

మీ గడియారాల తాత

*

(అదే కవరులో, నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం)

అమ్మాయీ,

ఆయన పడుకున్నారు. ఇది నేను సొంతంగా రాస్తున్నాను. మీ నాన్నగారు పంపిన మందు అందింది. నాకు దగ్గు లేదు. నవ్వు ఆపుకోవడం అలా వినపడింది.

ఏ మెకానిక్కూ ఏమీ చెప్పలేదు. ఆ నియమాలు కారువి కావు, మా ఆయనవి. నేను చెబితే, "నీకేం తెలుసు" అంటారు. మెకానిక్ చెప్పాడంటే వేదవాక్కు. ఏం చెయ్యను?

మా వీధి పిల్లి ఒకటి ఇంజను వెచ్చదనానికి లోపల పడుకునేది. తడితే దిగిపోతుంది. తాళం తిప్పాకే నాకు కళ్లజోడో, కట్టని కుళాయో గుర్తొచ్చేది. వెళ్లి రావడానికి నూరు అంకెలు పడతాయి. దారిలో ఏ షాపులో గోడ గడియారం కనిపించినా ఆయన తన చేతి వాచీతో సరిచూసుకునేవారు. రెండుసార్లు కాలవ గట్టు ఎక్కించారు. స్టీరింగ్ పక్కకు లాగడం అంటే అదే. వేగమంటే నాకు భయం, అందుకు రెండో గేరు. మీరు అయిదో గేరు దాకా హాయిగా వెయ్యండి.

అయిదోది కూడా చెప్పేస్తాను. షాపు మూసి ఇద్దరం ఇల్లు చేరగానే ఆయన మళ్లీ భూతద్దం పెట్టుకుని ఎవరిదో గడియారం ముందు కూర్చునేవారు. నాతో మాట్లాడే తీరిక ఉండేది కాదు. అందుకని కారులో పది నిమిషాలు కట్టిపడేశాను. మొదటి వారం ఇద్దరం ముందు అద్దం మీది వానతుడుపుల వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. పదకొండేళ్లు.

కారు ఉంచుకోండి. మీ అమ్మ నడపాలి. ఆయనకు మాత్రం చెప్పకు.

బామ్మ

తా.క.: దగ్గుమందు ఆయనకు పోస్తున్నాను. మెకానిక్ చెప్పాడన్నాను.

*

జూన్ 10, మంగళవారం

గడియారాల తాతగారికి నమస్కారాలు.

శుభవార్త. కారు మా దగ్గరే ఉంటుంది. మాకు తెలిసిన ఒక మెకానిక్ బాగా పరీక్షించి, కారుకు వయసొచ్చింది కాబట్టి పథ్యం కొంత సడలించవచ్చని చెప్పాడు. నూరు లెక్క, రెండో గేరు ఇక అక్కర్లేదట. గడియారం మీది ప్లాస్టర్ కూడా తీసేశాం. నాన్న తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. పదకొండేళ్లు మీరు అంత శ్రద్ధగా చూసుకోబట్టే ఇప్పుడు సడలింపు దొరికింది.

మీ
నిఘంటువు

తా.క.: బామ్మగారూ, ఇక్కడి నుంచి పైకి చదవకండి, మనసులోనే చదువుకోండి.

మీ కాగితం అమ్మకు ఒక్కదానికే చూపించాను. అమ్మ రెండుసార్లు చదివింది. సూదుల డబ్బా తెరిచి లైసెన్సు తీసుకుని, మీ కాగితం అందులో పెట్టింది. తర్వాత అంది, "నాలుగూ తీసెయ్. అయిదోది ఉండనీ. మీ నాన్నకు మెకానిక్ చెప్పాడని నేను చెబుతాలే."

మాకు తెలిసిన మెకానిక్ ఎవరో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

పక్కింటి అత్తయ్య పెంచుకునే పిల్లి నాలుగు రోజులుగా మా ఇంజనులో కాపురం పెట్టింది. కాబట్టి మొదటి నియమం కూడా మళ్లీ అమల్లోకొచ్చింది. ఈసారి చెప్పే కారణం కూడా నిజమైనదే.

అసలు వింత ఇందాక జరిగింది. కారు తుడుద్దామని వెళ్లి ఎండరేకు దించాను. మీ అట్ట అక్కడే ఉంది. నాలుగు నియమాలు కొట్టేసి ఉన్నాయి. అయిదోదాని పక్కన నాన్న తన షాపులో రాసే కోడిగీతల్లో ఇంకో ముక్క చేర్చాడు: ‘రోజుకు రెండు పూటలు.’

అందుకని రేపటి ఏర్పాటు కాస్త మారింది. ఆరింటికి అమ్మ నడుపుతుంది, నాన్న పక్కన కూర్చుంటాడు, నేను వెనక రాడ్ల మధ్య సర్దుకుంటాను. కానీ వాళ్లిద్దరూ ఆరుకు పది నిమిషాల ముందే కారెక్కి కూర్చుంటారు. పిల్లిని లేపే పని నాది.