ఒకటే ఖాళీ

సిబ్బంది నియామకాల అధికారి బర్రియోస్ గారికి,

నేను ఫిదెలినో భార్యని. మీ విశ్వవిద్యాలయంలోని అగ్నిపర్వత పరిశోధనా కేంద్రంలో ఆయన పదకొండేళ్లు సహాయకుడిగా చేశారు. ఈస్టర్‌కి ముందు వారం, కొండ మీది యంత్రానికి బ్యాటరీలు మార్చడానికి ఒంటరిగా వెళ్లి, విషవాయువు పీల్చి అక్కడే పోయారు. మీరు పంపిన పూలు అందాయండి.

ఆదివారం పేపర్లో ఆయన ఉద్యోగానికి ప్రకటన చూశాం. మా అమ్మాయి ఓదీలియా దరఖాస్తు పెట్టింది. వద్దని బతిమాలాను.

"నాన్న ఆ కొండ మీద ప్రతి రాయీ చూపించాడమ్మా. నాకంటే బాగా ఎవరికి తెలుసు?" అంది.

నిజమే, తెలుసు. డిగ్రీ కూడా ఉంది. మీరు తీసుకుంటారనే నా భయం.

కొండకి ఇద్దరు వెళ్లాలని మీ నిబంధనే చెబుతోంది. రెండో మనిషి ఉద్యోగం మూడేళ్లుగా ఖాళీ. ఆ మనిషిని వేయమని ఆయన నాలుగు అర్జీలు పెట్టారు, దేనికీ జవాబు రాలేదు. ఇప్పుడు ప్రకటనలోనూ ఒకటే ఖాళీ చూపించారు.

ఇద్దర్ని తీసుకుంటే దారిలో తినడానికి నేనే మొక్కజొన్న పిండి టమాలెస్ కట్టిచ్చి పంపిస్తాను. ఒక్కరినే అయితే, గురువారం ఇంటర్వ్యూలో ఏదో ఒక వంక పెట్టి మా అమ్మాయిని వెనక్కి పంపేయండి. నేను రాశానని చెప్పకండి. ఏడుస్తుంది, మిమ్మల్ని తిట్టుకుంటుంది. ఇంటికైతే వస్తుంది.

నమస్కారాలతో,
ఓదీలియా తల్లి