కళ్లు తెరవని నంది

మామా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నంద్యాల ఎగ్జిబిషన్ వాళ్ల దగ్గర ఇనుప గుండు కిందికి జారిపోకుండా మీటలతో కొట్టి ఆడే ఆ పాత పిన్‌బాల్ మిషన్ కొని ఆటోలో ఇంటికి తెచ్చినప్పుడు నిన్ను తిట్టాను కదా, ఇవాళ దాని అలంకారం నేనే పూర్తి చేశాను. పక్క చెక్కలకు ఎర్రరంగు వేసి, దాని మీద తెల్లగా ముగ్గులు పెట్టాను. మిషన్ లోపల పెట్టాలని నువ్వు చెక్కిన చిన్న రాతి నందిని బిగించడానికి, నీతో పాటు శిల్పాలు చెక్కిన ఓబులేసు ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. ఇనుప గుండు తగిలి కొమ్ము విరగకుండా నంది చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క కట్టాడు.

"కండ్లు చెక్కకుండానే పాయె అన్న. ఉలి తెచ్చినా. నేను చెక్కేదా వదినా?" అన్నాడు.

ఏ బొమ్మకైనా కళ్లు చివరనే చెక్కేవాడివి. కళ్లు తెరిచాక అది ఇంక మనది కాదనేవాడివి.

"వద్దులే ఓబులేసూ. అట్లే ఉండనీ."

అతను వెళ్లాక మిషన్ ఆన్ చేసి, అలవాటు కొద్దీ ఇద్దరి ఆటే నొక్కాను. నా గుండు తొందరగానే జారిపోయింది. నీ వంతుకు స్ప్రింగు లాగి వదిలి, మీటలు ముట్టకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. గుండు నందికి రెండు మూడుసార్లు తగిలి, లైట్లన్నీ వెలిగించి, మెల్లగా కిందికి పోయింది.

ఎప్పటిలాగే నువ్వే గెలిచావు.