టమాటాలకు ఊపిరి పోశాం

చిరంజీవి పెద్దపిల్లకు పిన్ని ఆశీస్సులు.

ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్లాస్టిక్ పట్టా కప్పిన మా టమాటా పాలీహౌస్‌లో చివరి వరసలో ఆకులు పిడికిళ్లలా ముడుచుకున్నాయి. విత్తనాలమ్మే ఆయన చూసి, "వైరసమ్మా, దీనికి మందు లేదు" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. నువ్వు చదివేది మొక్కల జబ్బుల గురించే కదా! ఏదో ఒకటి చెప్పు.

ఇట్లు,
తిండి సహించని మీ పిన్ని

తా.క.: పక్క పాలీహౌస్ మీ అమ్మదే అయినా ఆమెకు చెప్పకు. నీళ్ల వంతు దగ్గర గొడవైనప్పటి నుంచి మా తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. తెలిస్తే మూతి తిప్పుతుంది.

*

పిన్నికి నమస్కారాలు.

కంగారుపడకు. ముడుచుకున్న మొక్కల్ని పీకి, సంచిలో మూటగట్టి, దూరంగా పూడ్చెయ్యి. మా ప్రయోగశాలలో ఒక గదిలో గాలికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిపి టమాటాలు పెంచుతున్నాం. అదే, మనం వదిలే ఊపిరిలో ఉండే బొగ్గుపులుసు వాయువు. ఆ మొక్కలు వైరస్‌ను కాస్త గట్టిగా తట్టుకుంటున్నాయి. కానీ పురుగుల ముందు నీరసపడుతున్నాయి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టుంది.

ఇట్లు,
నీ పెద్దపిల్ల

తా.క.: ఇది పరిశోధన మాట. ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

*

మా బంగారు తల్లికి,

నీ నోట్లో పంచదార పొయ్య! బొగ్గూ కాదు, పులుసూ కాదు, మన ఊపిరేనని తెలియగానే మీ బాబాయిని పాలీహౌస్‌లో కూర్చోబెట్టి తలుపులు బిగించాను. ఊదీ ఊదీ ఆయన కళ్లు తిరిగి పడబోయారు. ఊదడం కన్నా మాట్లాడటం సులువని మీ నానమ్మకు లోపల కుర్చీ వేశాను. ఆవిడ నా పెళ్లినాటి నుంచి నా తప్పులన్నీ ఏకరువు పెట్టింది. మొక్కల కోసం నోరు మూసుకుని విన్నాను. పీకెయ్యమన్నావు గానీ చేతులు రాలేదమ్మా. గోనెపట్టా కప్పాను.

ఇట్లు,
ఆశ చావని పిన్ని

తా.క.: మీ బాబాయికి జలుబు. ఆ వైరస్ టమాటాలకు అంటుకుంటుందా? ముక్కూ నోరూ కలిపి తువ్వాలు కట్టాను. ఇప్పుడు ఊదడం కుదరడం లేదు.

*

పిన్నీ!

ఈసారికి ఇదే నమస్కారం. ముందు తలుపు తీసి అందరూ బయటికి రండి! బాబాయి జలుబు టమాటాకు రాదు. మీ ఊపిరి మొక్కలకు ఏమూలకూ చాలదు, ఆ ఉక్కలో మనుషులే వాడిపోతారు. ఈ వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. నువ్వు దాచిన మొక్క రసం తాగి, వెళ్లి పక్క మొక్కను కుడుతుంది. దానికి గట్టూ తెలియదు, తోడికోడళ్ల తగువూ తెలియదు. రెండు పాలీహౌస్‌లలోనూ ఒకేసారి పీకితేనే మిగిలింది దక్కుతుంది. దయచేసి అమ్మ దగ్గరికి వెళ్లు.

ఇట్లు,
నిద్రపట్టని పెద్దపిల్ల

తా.క.: ఇంతకన్నా రాయలేను. ఒట్టు వేశాను.

*

మాట దాచిన మహాతల్లికి,

మీ అమ్మ పాలీహౌస్ తలుపు తట్టాను. తోసి చూద్దును కదా, మీ అమ్మా నాన్నా చెరో వరస ముందు కూర్చుని బుగ్గలు పొంగించి ఊదుతున్నారు! వెనకాల గోనెపట్టాలు. నన్ను చూసి మీ అమ్మ ఊదబోయిన ఊపిరి అలాగే బిగబట్టింది.

"నీకూ వచ్చిందా?" అంది చివరికి.

"వచ్చిందక్కా" అన్నాను.

తనూ నీకే రాసిందట, నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. ఏడ్చామో నవ్వామో తెలియదు. ఇద్దరం కలిసి రెండు చోట్లా జబ్బు మొక్కలన్నీ పీకి పూడ్చేశాం. సగానికి పైగా నిలిచాయి. రోజూ కలిసే ఆకులు తిప్పి చూస్తున్నాం.

ఇట్లు,
మీ పిన్ని

తా.క.: ఎవరివి ఎక్కువ పోయాయని అడక్కు. మీ అమ్మవే.

తా.క. కింద తా.క.: అబద్ధం. దానివే. — అమ్మ