గ్లాసుకు పావుకిలో

ఇందుమూలంగా మా ఇంటి మహారాణీవారికి విన్నవించుకొనునది ఏమనగా, నేటి నుండి మా ఆసుపత్రి వంటశాలలో ‘గ్లాసు’ అను మాట నిషేధించబడినది. పలికినవారు కాటా ఎదుట గుంజీళ్ళు తీయవలెను.

ఇక్కడ నేనూ, గోడ మీది బల్లీ, కారే కుళాయీ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, పసిదీ కులాసా అని తలుస్తాను. మనవరాలు మూడు కిలోలు పుట్టిందని రాశావు. మా కొత్త సూపర్‌వైజరు లెక్కన పన్నెండు గ్లాసులన్నమాట.

మీ అక్క ఉత్తరం ఎందుకు రాయడం లేదని అడిగావు. చెబుతాను, విను.

మా వంటశాలలో వదిన, అదే మీ అక్క, వాడే రొట్టెల పుస్తకం నీకు తెలిసిందే. ఇరవై ఏళ్ళుగా అన్నీ గ్లాసుల్లోనే. పిండి నలభై, నీళ్ళు పన్నెండు. ఈ సూపర్‌వైజరు కాటా తెచ్చి, ఇక అన్నీ తూకమే అన్నాడు. గ్లాసెడు నీళ్ళు తూచాడు, పావుకిలో వచ్చింది. అంతే, గ్లాసెడు పిండి కూడా పావుకిలోనే అని కాగితం రాసి గోడకు అంటించాడు. ఐదు కిలోలు పడాల్సిన చోట పది పడ్డాయి.

వదిన తొట్టిలో చెయ్యి పెట్టి, “ఇది ముద్దయ్యే పిండి కాదండీ, గోడకు కొట్టే సున్నం” అంది.

“కాటా అబద్ధం చెప్పదమ్మా. నీళ్ళు పొయ్యి.”

పోసింది. ఈస్టు పాత లెక్కే, ముద్దేమో రెండింతలు. బూడిదరంగు జిగురు, తడిగుడ్డ కంపు. నా గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది. కాలిస్తే పైన రాయి, లోపల చీమిడి. వార్డులో ఒక పెద్దాయన పెట్టుడుపళ్ళు రొట్టెలోనే వదిలేసి ముసుగు తన్నాడు. మిగిలినవి పెరట్లో పోస్తే కాకి ఒక్క పోటు పొడిచి, ముక్కు గోడకేసి రుద్దుకుని పోయింది.

తప్పు వదినదన్నారు. ముసలిదానికి చేతి ఒడుపు పోయిందట, సోమవారం నుంచి రావద్దట.

“ఏం మరిదీ, నిజంగానే పోయిందంటావా?” అని ఆ చెయ్యే తిప్పి చూసుకుంటూ నన్నడిగింది.

ఇంతసేపూ దాచింది ఇదీ. ఆయనకు నీళ్ళు తూచమని చెప్పింది నేనే. “గ్లాసు గ్లాసేనండీ, నీళ్ళయితేనేం, పిండయితేనేం” అన్నాను, బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని. నాలుగో తరగతి తప్పిన నాకే దూదికీ ఇనుముకీ తేడా తెలుసు. ఆయన నమ్మాడు. పిండి ఆయన మొహాన పడుతుందనుకున్నాను, వదిన మొహాన పడింది. అద్దంలో నన్ను నేను చూసుకుంటే పులిసిన పిండిముద్దే కనబడుతోంది.

నిన్న వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. ఆయన కళ్ళ ముందే పిండి జల్లించి గ్లాసు నింపి తూచాను. నూట ఇరవై రెండు గ్రాములు. నోరు వెళ్ళబెట్టి, వదినను రమ్మని కబురు పెట్టాడు.

పై నాలుగు ముక్కలూ మళ్ళీ చదువుకుంటే రోత పుట్టింది. నిన్న ఒప్పుకున్నానన్నది పచ్చి కల్పన. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులో రాయి దూరినట్టు కుంటుతూ తిరిగొచ్చాను. గ్లాసూ జల్లెడా సంచీలోనే ఉన్నాయి. ఇప్పుడీ ఉత్తరం డబ్బాలో వేసి, తిన్నగా ఆయన గదికే పోతున్నాను. ఇది నీ చేతికి అందేలోగా ఆ అబద్ధం నిజమైపోవాలి.

ఇట్లు,
ఇంకా చేతులు కడుక్కోని
నీ మొగుడు