చేపల వాసన పడని మనిషి

మంగళవారం

పద్నాలుగు నెలలు అంటార్కిటికా మంచులో పరిశోధకులకి వంటపని చేసి మా ఆయన ఇంటికొచ్చి వారం కాలేదు. నిన్న నేను ఎండు నెత్తళ్లు వేపుతుంటే ఆయనకి ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడలేదు. చేపలు పట్టే ఇంట పుట్టిన మనిషి.

దుమ్మూ ధూళీ, జలుబులూ లేనిచోట అన్నాళ్లుంటే ఒళ్లు ఇలా తిరగబడొచ్చని డాక్టరన్నారు. ఇప్పట్లో చేపల వాసనే తగలకూడదట.

మేం బతికేదే ఎండుచేపలమ్మి. అందుకే ఈరోజు అత్తమ్మ ఆయన్ని సబ్బవరంలో ఆడపడుచు ఇంటికి పంపేసింది.

"నానూ ఎల్తాను" అన్నాను.

"నీ సేతులకే ఆ వాసన కదే పిల్లా" అంది.

ఆటో దగ్గర చెయ్యి పట్టుకోబోతే ఆయన వెనక్కి తీసుకున్నారు. "కోపం కాదే. బయమేస్తంది" అన్నారు.

అంటార్కిటికాకి ఎలాగూ వెళ్లలేనని ఓర్చుకున్నాను. సబ్బవరానికి బస్సుంది. నేను ఎక్కకూడదు...